వంపులో ఎర్ర జెండా

జూలై 7, సోమవారం

గడ్డ టీబీదే. రిపోర్టు చేతికిచ్చి డాక్టరు గారు చెప్పారు. మా ఆయన మెడ పక్కన నిమ్మకాయంత లేచిన గడ్డకి ఇన్నాళ్ళూ పసుపూ సున్నమూ రాసుకుంటూ కూర్చున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది. ఊపిరితిత్తుల్లో లేదట, ఎవరికీ అంటుకోదట, మాత్రలు మానకుండా మింగితే పూర్తిగా పోతుందట. ఆయన డ్యూటీలో ఉన్నాడు కాబట్టి స్కూలుకి సెలవు పెట్టి నేనొక్కదాన్నే నర్సీపట్నం వెళ్ళాను.

రైల్వే ఆసుపత్రికి వెళ్ళేది లేదని ముందే నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. అక్కడ తెలిస్తే ఇంజను దింపేసి, ఏదో ఆఫీసులో కుర్చీ వేసి, ఫోన్లు ఎత్తమంటారు. మా ఆయన పైడిరాజుని ఇంజనులోంచి దింపితే ఇక మిగిలేది చొక్కా, ప్యాంటే. అయినా లోకో పైలట్లలో ఈ పని చెయ్యనివాడెవడు? షుగరు వచ్చినా బీపీ వచ్చినా బయటే వైద్యం, బయటే మందులు. పక్క క్వార్టర్ వాళ్ళకి కూడా తెలియకూడదు.

మాత్రల్లో ఒకదాన్ని విడిగా చూపించి డాక్టరు గారు అన్నారు: "ఇది కొందరికి కళ్ళ మీద పని చేస్తుందమ్మా. ఎరుపూ పచ్చా సరిగ్గా తెలియకుండా పోతాయి. కాస్త తేడా కనిపించినా ఆపేసి వెంటనే తీసుకురండి. ఇంతకీ ఆయనేం చేస్తారు?"

"వ్యవసాయమండీ," అన్నాను. చెరకు వేస్తామని కూడా అన్నాను. ఆ అబద్ధం అంత గబుక్కున నా నోటికి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

జూలై 8, మంగళవారం

కళ్ళ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే మాత్రలన్నీ కిటికీలోంచి విసిరేస్తాడు. గడ్డ తగ్గడం ముఖ్యమా, లక్షలో ఒకరికి వచ్చేదాని గురించి బెంగపడటం ముఖ్యమా? నేను పక్కనే ఉన్నాను కదా, కనిపెట్టుకుని ఉంటాను.

లక్షలో ఒకరికి అని డాక్టరు గారు అనలేదు. నేనే అనుకున్నాను.

జూలై 20, ఆదివారం

నక్కపల్లిలో మా పిన్ని మనవరాలి బారసాలకి బండి మీద వెళ్ళాం. హైవే మీద ట్రాఫిక్ లైటు కనిపించగానే ఆయన చెయ్యి పైకెత్తి "ఎరుపు!" అని అరిచాడు. పక్క బండివాడు అదిరిపడ్డాడు. ఇంజనులో సిగ్నల్ కనిపించగానే లోకో పైలటూ, పక్కనుండే అసిస్టెంటూ ఒకరికొకరు రంగు పైకి చెప్పుకోవాలి. ఒకరు పొరబడితే రెండోవాడు పట్టుకోవాలని. ఆ అలవాటు రోడ్డు మీదా పోదు. ఈ మనిషితో బజారుకెళ్తే నాకు తల కొట్టేసినట్టుంటుంది.

బారసాలలో మా బాబాయి అడిగాడు, ఒకే పట్టా మీద బళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళ్తే గుద్దుకోవేటి అని.

"గుద్దుకోవు మామా. బండి దాటగానే దాని ఎనకాల సిగ్నల్ దానంతటదే ఎర్రగా అయిపోద్ది. బండి ముందుకెళ్ళేకొద్దీ ఆ ఎరుపు పసుపవుద్ది, ఆనక రెండు పసుపులవుద్ది, మరింక దూరమెళ్ళిపోతే పచ్చ. బండి ఈపు బండే కాసుకుంటది. మనం కళ్ళు తెరుసుకుని కూకుంటే సాలు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గడ్డ కొంచెం మెత్తబడింది.

సెప్టెంబరు 14, ఆదివారం

గడ్డ ఉసిరికాయంత అయింది. నూకాలమ్మ తల్లికి దండం.

పొద్దున డ్యూటీకి వెళ్తూ ఫోను ఛార్జింగులోంచి తీసేశాడు. సగం కూడా ఎక్కలేదు. ఇంకా ఎర్ర లైటే ఉంది కదండీ అంటే, "పచ్చొచ్చింది కదేటే," అన్నాడు. సరే, నిద్రమత్తు.

సెప్టెంబరు 15, సోమవారం

నిద్రమత్తే. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి ఏ లైటైతే ఏం కనిపిస్తుంది.

సెప్టెంబరు 28, ఆదివారం

దసరా చీరలు అమ్ముకుంటూ ఒకామె క్వార్టర్స్‌కి వచ్చింది. పక్కింటి బేబి నన్నూ పిలిచింది. బేబి మొగుడు గోవింద్ సిగ్నల్ మెయింటెయినర్. పట్టాల పక్కన ఆ సిగ్నల్ స్తంభాలూ, వాటి పెట్టెలూ, వైర్లూ అన్నీ చూసుకునేది అతనే. మా ఆయనా అతనూ బావా బావా అని పిలుచుకుంటారు. "నువ్వు దీపం ఎలిగించు బావా, నాను బండి నడిపెత్తాను," అంటాడు మా ఆయన.

నేను కావాలనే రెండు చీరలు పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. "ఈ ఎర్రది తీసుకోనా, వద్దా?" అని రెండూ ముందర పెట్టాను. ఆయన ఒకసారి చీరలకేసి, ఒకసారి నాకేసి చూశాడు.

"నీకు ఏదైనా బాగుంటదే సీదేవీ. రెండూ తీసీసుకో," అన్నాడు.

సిగ్గేసింది. ఇన్నేళ్ళకి ఒక మంచి మాట అన్నాడు. ఆకుపచ్చది తీసుకున్నాను. పరీక్ష మాట మర్చిపోయాను.

అక్టోబరు 8, బుధవారం

బతికే ఉన్నాడు. అమ్మా, తల్లీ, బతికే ఉన్నాడు.

అక్టోబరు 9, గురువారం

రాయాలి, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నిన్న పొద్దున, ఎండ బాగా ఎక్కిన వేళ, చెరకు తోటల మధ్య వంపులో ఆయన నడిపే బొగ్గు బండి, ముందు నిలబడి ఉన్న మరో గూడ్సుని వెనకనించి గుద్దింది. ముందు బండి చివర గార్డు పెట్టె నుజ్జునుజ్జు. ఆ గార్డు సన్యాసిరాజు, నాతవరం వైపు మనిషి. ఆఖరి క్షణంలో దూకాడు గానీ కాలు పెట్టె కింద పడింది. విశాఖలో ఆపరేషన్ చేసి మోకాలి దగ్గర తీసేశారట. మా ఆయనకి మోచేతి మీద కుట్లు, అంతే. అసిస్టెంటు త్రినాథ్‌కి అదీ లేదు.

వంపుకి ముందున్న సిగ్నల్ ఎరుపైతే ఆగాలి. ఆగి, కాసేపు చూసి, అప్పుడు మెల్లగా నడక వేగంతో వెళ్ళాలి. పసుపైతే ఆగక్కర్లేదు, జాగ్రత్తగా వెళ్ళొచ్చు. ఆయన ఆగలేదు.

"పసుపు సూసేను. పసుపే," అన్నాడు అందరితో. నాతోనూ అదే. త్రినాథ్ కూడా పసుపే అని రాయించాడు. ఆ కుర్రాడు తర్వాత మా గుమ్మం బయట నిలబడి ఏడుస్తూ అసలు సంగతి చెప్పాడు. వంపు వచ్చినప్పుడు అసిస్టెంటు వెనక్కి తిరిగి బండి మొత్తం సరిగ్గా వస్తోందో లేదో చూడాలి. అతను అదే చేస్తున్నాడు. "సార్ పసుపన్నారక్కా. నేనూ పసుపనీసేను. ఎప్పుడూ అంతేనక్కా, పెద్దాయన అంటే మనం అనీడమే."

ముందు సారా పరీక్ష చేశారు. ఆయన తాగడు. కళ్ళ పరీక్ష చెయ్యి తగ్గాక అన్నారట. ఇద్దర్నీ సస్పెండు చేశారు.

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. పసుపన్నాడంటే పసుపే అయి ఉంటుంది. సిగ్నల్సు చెడిపోవా? రోజూ చెడిపోతుంటాయి.

అక్టోబరు 10, శుక్రవారం

డాక్టరు గారికి ఫోన్ చేశాను. రంగులు కొంచెం తేడాగా ఉన్నాయంటున్నారండీ అన్నాను. డాక్టరు గారి గొంతు మారిపోయింది. "ఎన్నాళ్ళనించి? ఆ మాత్ర ఈ క్షణమే ఆపండి. రేపే తీసుకురండి." ఆపితే మామూలుగా అయిపోతుందా అని అడిగాను. చాలామందికి మెల్లమెల్లగా తిరిగి వస్తుంది, నెలలు పట్టొచ్చు అన్నారు.

మాత్ర ఆపేశాను. డాక్టరు ఒకటి తగ్గించాడని చెప్పాను. ఆయన తలూపాడు, ఏమీ అడగలేదు. దేని గురించీ ఏమీ అడగడం లేదు ఈ మనిషి.

అక్టోబరు 13, సోమవారం

యూనియన్ బంగారయ్య మామ వచ్చాడు. వస్తూనే టీ అడిగాడు. అతను టీ అడిగితే ఏదో దారి దొరికిందన్నమాట.

"అల్లుడూ, సిగ్నల్ రికార్డు సేసే మిషనేమో ఎరుపే అని సెప్తంది. కానీ ఓ ముక్క ఉంది. ఆ పొద్దున్నే గోవింద్ ఆ స్తంభం దగ్గర పెట్టె ఇప్పేడు. ట్రాక్‌మెన్ సూసేరు. ఎలక కొట్టిన వైరు మార్సేనంటన్నాడు. మార్సేక టెస్టు సేసేడా, సెయ్యలేదా? ఎవుడు సూసేడు? పెట్టె ఇప్పినోడి మీద అనుమానం ఒక్కటి సాలు, మనోడు బయటడిపోతాడు."

"మరి గోవింద్?" అన్నాన్నేను వంటింట్లోంచి.

"ఆడికేటమ్మా, ఆడి యూనియన్ ఆడికుంది. నీ మొగుణ్ణి నువ్వు సూసుకో. ఒరే అల్లుడూ, కళ్ళ పరీచ్చ మాత్రం ఇప్పుడప్పుడే ఎల్లకు. సెయ్యి నొప్పని సిక్కు లీవులో ఉండు. బండి గుద్దిన అదుర్లో కళ్ళకి నీళ్ళూ అవీ వత్తాయి."

ఆయన నేలకేసి చూస్తూ, "పసుపే సూసేను మామా," అన్నాడు. బంగారయ్య మామ భుజం తట్టాడు.

నేను లెక్కేసుకున్నాను. నెలలు పట్టొచ్చు అన్నారు డాక్టరు. సిక్కు లీవులో నెలలు ఉండొచ్చు. అప్పటికి కళ్ళు బాగైపోతాయి. నా బుర్ర ఇలాంటి లెక్కలు ఎంత చక్కగా చేస్తుందో చూస్తే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

చెప్పడానికి ఇంకా టైముంది. ముందు ఆయన కోలుకోవాలి.

అక్టోబరు 17, శుక్రవారం

గోవింద్‌ని సస్పెండు చేశారు.

కుళాయి దగ్గర బేబి ఎదురైంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. బిందె పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఓలప్పా, మీ ఆయన్నొక్కసారి గట్టిగా గుర్తు సేసుకోమను. మా ఆయన అన్నం ముట్టడం నేదు. వైరు మార్సి, సాలాసార్లు ఎలిగించి సూసేనంటన్నాడు. ఆడు నాతో అబద్ధం ఆడడు. మరి మీ ఆయనా ఆడడు. ఇద్దర్లో ఎవుడిదే అబద్ధం?"

చేతులు తుడుచుకుని వచ్చేశాను. నా బిందె అక్కడే వదిలేశానని ఇంటికొచ్చాక తెలిసింది. ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టారు. నిండుగానే ఉంది.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. మా వరసలో రెండిళ్ళకి దీపాల్లేవు.

అక్టోబరు 21, మంగళవారం

ఆయన్ని అడిగాను, గోవింద్ పెట్టె విప్పడం మీరు చూశారా అని. ఇంజను మీదనించి ఎలా కనిపిస్తుంది అన్నాడు. మరి నేరం అతని మీద పడుతుంటే ఊరుకున్నారేం అన్నాను. "నానేటన్నాను? నాను పసుపన్నాను. మిగతాదంతా బంగారయ్య మామ అన్నాడు," అన్నాడు. అని, అటు తిరిగి పడుకున్నాడు.

అవును, ఆయనేం అన్నాడు పాపం. ఆయనకి పసుపే కనిపించింది. తప్పు మాత్రది. మాత్ర ఇచ్చింది నేను. ఆయన్ని అనడానికేముంది.

అక్టోబరు 26, ఆదివారం

విశాఖ వెళ్ళి సన్యాసిరాజుని చూశాను. మా ఆయనకి చెప్పకుండా వెళ్ళాను. యాపిల్ పళ్ళు పట్టుకెళ్ళాను, కాలు పోయిన మనిషికి యాపిల్ పళ్ళు. భార్య తలుపులమ్మ పక్కన కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే లేచి బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళకపోతే ఆశ్చర్యపోవాలి.

అతను మాత్రం కూర్చోమన్నాడు. కోపంగా లేడు. అదే నన్ను చంపేసింది.

"నాకో సంగతి అర్థం గావటం నేదమ్మా. అందుకే నిన్నడుగుతన్నాను. మా బండి ఆగిపోయింది. నాను ఎనక మెట్టు మీద నిలబడి ఎర్ర జెండా ఊపుతన్నాను. వంపులోంచి మీ బండొచ్చింది. పైడిరాజు కిటికీలోంచి సూసేడు. నాకేసే సూసేడు, ఒట్టు. సూసి..." అని ఆగాడు.

"చూసి?"

"సెయ్యూపేడమ్మా. పలకరింపుగా ఊపేడు."

నాకు మొదట అర్థం కాలేదు. అతనే చెప్పాడు. ఎదురుగానో పక్క పట్టా మీదో బండి దాటేటప్పుడు గార్డు పచ్చ జెండా చూపిస్తాడు, అంతా బాగుంది వెళ్ళు అని. లోకో పైలట్ దానికి బదులుగా చెయ్యి ఊపుతాడు. అది వాళ్ళ మర్యాద, రోజూ ఎన్నిసార్లో. వంపులో ముందున్న పెట్టె ఏ పట్టా మీద ఉందో దగ్గరకొచ్చేదాకా తెలియదట. జెండా రంగే చెప్పాలి.

"ఎనకాల అంతా సెరుకు తోట. పచ్చగా ఉంది. అందులో ఎర్ర జెండా ఊపితే గుడ్డోడికైనా అగుపడాల. ఆడు సెయ్యూపేడు. నాను కూడా ఆ మర్యాదకి ఒక్క చణం ఆగిపోయినానమ్మా. ఓహో, పక్క పట్టా మీద కాబోలు ఎల్లిపోతాడనుకున్నాను. ఆ ఒక్క చణం ముందు దూకుంటే కాలుండును."

ఎంక్వయిరీలో ఈ మాట చెప్పావా బాబూ అని అడిగాను.

"నేదమ్మా. సెబితే ఆడు తాగున్నాడంటారు, నేదా పిచ్చోడంటారు. ఇద్దరం ఒకే ఏడు సేరేం. ఆడి పొట్ట కొట్టి నాకేటొత్తది, కాలొత్తదా?"

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో మంచినీళ్ళిచ్చారు.

అక్టోబరు 28, మంగళవారం

సిగ్నల్ చెడిపోతే జెండా కూడా చెడిపోతుందా?

నవంబరు 2, ఆదివారం

స్కూల్లో మూడో తరగతి పిల్లలకి హోమ్‌వర్క్ దిద్దుతూ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. పక్క టీచరు ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అది శుక్రవారం సంగతి. ఇవాళ బంగారయ్య మామ మళ్ళీ వచ్చి, గురువారం గోవింద్ వాంగ్మూలం, ఆ రోజుతో తేలిపోతుంది, నిశ్చింతగా ఉండండి అన్నాడు. గోవింద్‌ని ఉద్యోగంలోంచే తీసేస్తారట. చెప్పి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. వద్దని కూడా అనలేదు.

నేను చెబితే ఆయన ఇంజను ఎక్కడం మానాలి. బహుశా ఉద్యోగమే పోతుంది. కేసు కూడా పెడతారేమో. నన్ను జన్మలో క్షమించడు. చెప్పకపోతే గోవింద్.

నవంబరు 5, బుధవారం

ఆయన రేపు ఎంక్వయిరీకి వెళ్ళాల్సిందే, అందర్నీ మళ్ళీ పిలిచారు. నేనూ వస్తానన్నాను. నువ్వెందుకే అన్నాడు. ఊరికే అన్నాను.

మందుల చీటీలూ రిపోర్టూ సంచిలో పెట్టుకున్నాను.

నవంబరు 6, గురువారం

రాస్తాను. మొత్తం రాస్తాను.

విశాఖలో ఆఫీసు వరండాలో బెంచీ మీద ఒక చివర గోవింద్, రెండో చివర మా ఆయన. మధ్యలో ఖాళీ. ఇన్నేళ్ళు బావా బావా అనుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. లోపలికి గోవింద్‌ని పిలిచారు. తలుపు మూసేలోగా నేను అడ్డం వెళ్ళాను. ప్యూను ఆపబోయాడు. "లోకో పైలట్ పైడిరాజు భార్యనండీ. తప్పు గోవింద్‌ది కాదు. నేను చెప్పాలి," అని అరిచాను. నేనెప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో ఉన్న ఆఫీసరు కూర్చోమన్నాడు. కూర్చోలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. గడ్డ, నర్సీపట్నం, మాత్ర, డాక్టరు హెచ్చరిక, చెరకు రైతని ఆడిన అబద్ధం, ఛార్జరు, ప్రమాదం తర్వాత మాత్ర ఆపెయ్యడం. ఏడవలేదు. మా ఆయన చెయ్యి ఊపాడని సన్యాసిరాజు అన్న మాట మాత్రం చెప్పలేదు. అది అతను నన్ను నమ్మి చెప్పిన మాట.

మా ఆయన ఎప్పుడు లోపలికి వచ్చాడో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మీ ఆయనకి ఇది తెలుసా?" అని అడిగాడు ఆఫీసరు.

"తెలియదండీ. నేనే దాచాను. ఆయనకి నిజంగానే పసుపు కనిపించింది. ఆయన తప్పు లేదు," అన్నాను. అది అనడానికే కదా ఇంత దూరం వచ్చింది.

"మాత్ర సంగతి తెలీదండి," అన్నాడు ఆయన వెనకనించి. "కళ్ళ సంగతి తెలుసు."

ఆఫీసరు పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"దసరాకి ముందునుంచీ ఎరుపు ఎరుపులాగ అగుపడ్డం నేదండి. బూడిద కలిపినట్టుండేది. వయసనుకున్నాను. ఎవుడికైనా సెబితే ఇంజను దింపెత్తారని సెప్పలేదు. దగ్గరికెల్లేక ఎలిగింది పై లైటా, కింద లైటా అని సూసి నడిపీసేవోణ్ణి. ఎరుపెప్పుడూ కిందే ఉంటది గదండి. ఆ పొద్దు ఎండ ఎదురుగా కొట్టేసింది. ఏ లైటో తెలీలేదు. పసుపు అనీసేను. త్రినాథ్ కూడా పసుపన్నాడు, అమ్మయ్యా అనుకున్నాను. ఆడు నన్ను సూసే అన్నాడని నాకు తెలుసు."

"సన్యాసిరాజు జెండా ఊపేడు. నాను సెయ్యూపేను. అది కూడా రాసుకోండి," అన్నాడు.

గోవింద్ తల ఎత్తి ఆయనకేసి చూశాడు. ఆ చూపు నేను రాయలేను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కాం. రైలు ఎక్కుదామని ఇద్దరం అనలేదు. అచ్యుతాపురం కంపెనీ బస్సులు అడ్డొచ్చి లంకెలపాలెం దగ్గర చాలాసేపు ఆగిపోయాం. అప్పటిదాకా నాకు ఆయన మీద జాలే ఉంది. పాపం ఒక్కడే మోసుకున్నాడు, నాకు చెప్పలేక ఎంత నలిగిపోయాడో అనుకుంటూ వచ్చాను. అక్కడ ఆగాక ఉన్నట్టుండి వెలిగింది. ప్రమాదం జరిగిన రోజునించి ఈ మనిషికి తెలుసు. బంగారయ్య మామ టీ తాగుతూ గోవింద్ పేరు ఎత్తినప్పుడు తెలుసు. బేబి నా చెయ్యి పట్టుకున్న రోజూ తెలుసు.

"ఎప్పుడు చెబుదామనుకున్నారు?" అని అడిగాను.

కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. "నువ్వు సెప్పకపోతే నాను సెప్పేవోణ్ణి కాదే, సీదేవీ."

"గోవింద్ ఉద్యోగం పోయినా?"

"పోయినా," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. లేచి వేరే సీట్లో కూర్చుందామనుకున్నాను గానీ ఖాళీ లేదు. అనకాపల్లిలో దిగి ఇల్లు చేరేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే, చెప్పడానికి నీకెందుకు ఇన్నాళ్ళు పట్టిందే అని ఆయన నన్ను అడుగుతాడని భయమేసింది.